ఇంట్లో దీర్ఘకాల రోగిని చూసుకునేవారు తమ మనసును ఎలా నిలబెట్టుకుంటున్నారు?

వేకువ:
డిమెన్షియాతో, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బుతో, బాధపడుతున్న మా అత్తగారి బాగోగులు నేనే చూసుకుంటున్నాను. రాత్రిళ్లు ఆమె లేచి తలుపు గడియ తడుముతూ ఉంటారు. ఆ చప్పుడు వినబడుతుందేమోనని నిద్రలో కూడా చెవి అటే ఉండడం వల్ల, ఆమె హాయిగా పడుకున్న రాత్రి సైతం నాకు కంటి మీద కునుకు ఉండదు. అడిగిందే మళ్లీ అడుగుతుంటే విసుగు వస్తుంది, ఆ వెంటనే అలా అనిపించినందుకు మనసు చివుక్కుమంటుంది. మీరు ఈ స్థితిని ఎలా దాటుతున్నారో దయచేసి తెలియజేయండి.

నీలిమేఘం:
వేకువ గారూ, ఆ విసుగు వెనుక దుఃఖం ఉందేమో చూడండి. మనిషి కళ్లెదుటే ఉండి, మనకు తెలిసిన ఆ మనిషి మాత్రం రోజురోజుకూ దూరమవుతుంటే కలిగే దుఃఖానికి పరామర్శకు వచ్చేవారు ఉండరు. ఇటువంటి ముగింపు లేని నష్టం గురించి పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970ల నుంచీ వివరిస్తూ వస్తున్నారు. మా నాన్నగారి విషయంలో నేను పడుతున్నది దుఃఖమేనని అర్థమయ్యాక, నన్ను నేను నిందించుకోవడం చాలావరకు తగ్గింది.

గట్టుమీద:
దుఃఖాన్ని గుర్తించడం అవసరమే కానీ, శరీరాన్ని కూడా పట్టించుకోవాలండీ. భాగస్వామికి సేవ చేస్తున్న వృద్ధులను నాలుగేళ్లపాటు గమనించి 1999లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఆ సేవ వల్ల ఒత్తిడికి లోనవుతున్నవారికి మరణించే ముప్పు, సేవ చేయవలసిన అవసరం లేనివారితో పోలిస్తే 63 శాతం ఎక్కువగా కనిపించింది. సేవ చేస్తూ కూడా ఒత్తిడి లేనివారిలో అంతటి ముప్పు కనిపించలేదు. కాబట్టి తగ్గించవలసింది ఒత్తిడినే. జారిట్ ప్రశ్నావళి అని సంరక్షకుల భారాన్ని అంచనా వేసే 22 ప్రశ్నలు ఉన్నాయి. వాటికి జవాబులు రాసి మీ డాక్టరు గారికి చూపించండి. రోగి కోసం వెళ్లినప్పుడు కాకుండా, మీ కోసమే విడిగా సమయం తీసుకుని వెళ్లండి.

పాత_ఉత్తరం:
మా ఆయనకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఫోనులో సలహాలు చెప్పేవారికి కొదవ లేదు. "ఏదైనా సాయం కావాలంటే చెప్పు" అన్నవారికి ఏం చెప్పాలో తోచేది కాదు. ఇప్పుడు "శనివారం మధ్యాహ్నం వచ్చి సాయంత్రం దాకా ఆయన దగ్గర కూర్చోవాలి" అని ఏ రోజో, ఏ వేళకో స్పష్టంగా చెప్పి అడుగుతున్నాను. మందుల వేళలు, ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నీళ్లు ఎంత నెమ్మదిగా తాగించాలి, ఏ మాటకు ఆయనకు కోపం వస్తుంది అన్నవన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టాను. అది ఉండబట్టే మా ఆడపడుచు ధైర్యంగా రాగలుగుతున్నారు, నేనూ బయటికి వెళ్లి మాటిమాటికీ ఫోను చేయకుండా ఉండగలుగుతున్నాను. రాత్రి కాపలాను కూడా ఇలాగే వంతులవారీగా పంచుకోండి. తలుపుకు గంట అమర్చి, వంతు ఉన్నవారి గదిలోనే అది మోగేలా చూసుకోండి.

వేకువ:
వంతుల గురించి మావారితో ఈ రోజే మాట్లాడతాను. అయితే పంచుకోవడానికి ఇంట్లో మరో మనిషే లేనివారి సంగతి ఏమిటి?

నిదానం:
నాది అదే పరిస్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ డిమెన్షియా రోగుల సంరక్షకుల కోసం ఐసపోర్ట్ అనే శిక్షణను రూపొందించింది, అది నాకు కొంత ఉపయోగపడింది. బ్రిటన్‌లో స్టార్ట్ అనే పద్ధతిలో సంరక్షకులకు ఎనిమిది విడతలుగా శిక్షణ ఇస్తే వారిలో కుంగుబాటు, ఆందోళన తగ్గినట్లు 2013లో ప్రచురించారు. శిక్షణ ఇచ్చినవారు పెద్ద నిపుణులు కారు, పర్యవేక్షణలో పనిచేసిన మనస్తత్వశాస్త్ర పట్టభద్రులు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. రోగి మీద చెయ్యి లేస్తుందేమోనన్న భయం కలిగినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా, మరో వారం చూద్దామని ఆగకండి. రోగి సురక్షితంగా ఉన్నారని చూసుకుని పక్క గదిలోకి వెళ్లి, ఆ క్షణమే దగ్గరివారికి గానీ వైద్యులకు గానీ ఫోను చేయండి.