ఊలాంగ్‌కి చిన్న మట్టి టీపాట్ తీసుకోవాలి, సలహా ఇవ్వండి

ఊలాంగ్ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకం టీ) బాగా అలవాటైంది అండీ, ఇప్పటిదాకా గాజు కప్పులోనే కాస్తున్నా, ఇక యీషింగ్ పాట్ (చైనాలోని యీషింగ్ మట్టితో చేసేది) ఒకటి కొందామని. సైజు ఎంత ఉండాలి, అన్ని రకాలూ ఒకదాంట్లోనే కాయొచ్చా?

జవాబు 1: ఒక్కరికైతే 100 మి.లీ. చాలు. ఆ మట్టికి గ్లేజ్ ఉండదు కాబట్టి వాసన పట్టేసుకుంటుంది, అందుకే ఒక పాట్‌కి ఒకే రకం టీ పెట్టుకోండి, సబ్బు అస్సలు వద్దు. చైనా వూయీ కొండల దా హోంగ్ పావ్ లాంటి బాగా వేయించిన ఊలాంగ్‌లు ఇందులో అద్భుతంగా వస్తాయి. పచ్చగా ఉండే తియెగ్వాన్‌యిన్ అనే ఊలాంగ్‌కి మాత్రం నా ఓటు గైవాన్‌కే (మూత ఉన్న పింగాణీ కప్పు), ఆ పూల వాసన మట్టిలో తగ్గిపోతుంది.

జవాబు 2: కొనేముందు నీళ్లు నింపి వంచి చూడండి, ధార సన్నగా నెమ్మదిగా వస్తుంటే వదిలేయండి, ఎందుకంటే అది ఖాళీ అయ్యేలోపే టీ చేదెక్కిపోతుంది.

అడిగినవారు: థాంక్స్ అండీ! ఆకు ఎంత వేయాలి?

జవాబు 1: 100 మి.లీ.కి 6 గ్రాములు, మరిగే నీళ్లు, ముందు పాట్ వేడి చేసుకోండి. మొదటిసారి 10-15 సెకన్లలో వంచేయండి, తర్వాత ప్రతిసారీ కొంచెం పెంచుకుంటూ పోతే అదే ఆకు ఆరేడుసార్లు వస్తుంది, నాకైతే మూడోదే ఇష్టం.