సత్యం ఒక వ్యక్తి అంటే ఎలా అర్థం చేసుకోవాలి?

యోహాను సువార్త 14:6లో యేసుప్రభువు "నేనే మార్గమును, సత్యమును, జీవమును" అంటారు. సత్యం చెబుతాననడం వేరు, నేనే సత్యం అనడం వేరు కదా! నాకు ముడి పడింది ఇక్కడే. మామూలుగా మన ఆలోచన వాస్తవంగా ఉన్నదానితో సరిపోతే అది సత్యం అంటాం. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ వేదాంతి ఈ నిర్వచనాన్నే తీసుకుని, దేవుడే సత్యమని కూడా అన్నాడు. ఈ రెండూ ఎలా కలుస్తాయి? రెండు రెళ్లు నాలుగు అన్న నిజానికి కూడా ఆధారం దేవుడేనా?

అదే సువార్త 18వ అధ్యాయంలో యేసును విచారిస్తున్న రోమా అధిపతి పిలాతు "సత్యం అంటే ఏమిటి?" అని ఎదురుగా నిలబడ్డ ప్రభువునే అడిగి, జవాబు వినకుండానే బయటికి వెళ్లిపోతాడు. అది చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. పైగా 16:13లో పరిశుద్ధాత్మను సత్యస్వరూపియైన ఆత్మ అన్నారు. మరి సత్యం కుమారుడైన యేసు ఒక్కడేనా, లేక తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసిన త్రిత్వమంతానా? క్రైస్తవ వేదాంతం చదివినవాళ్లు దయచేసి కాస్త విడమరిచి చెప్పండి.