అప్‌డేట్: కథల పుస్తకానికి పేజీలు దేనిలో కట్టాలో తేలింది

యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే అక్షరాల పద్ధతి) టైప్ చేసిన నా కథలకు పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్లలో పేజ్‌మేకరా, ఇన్‌డిజైనా, స్క్రైబసా అని అడిగాను కదా. స్క్రైబస్ 1.6 ఖాయం చేశాను. ఒంగోలులో ప్రెస్ ఆయన మొదట పేజ్‌మేకర్ ఫైలే కావాలన్నారు. అది 2001 నాటి 7.0 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, యూనికోడ్ తెలుగు అందులో కుదరదు. అంతా యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోకి మార్చి మళ్లీ ప్రూఫులు దిద్దే ఓపిక నాకు లేదు బాబూ! ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే ఇమిడ్చిన) పీడీఎఫ్ ఇస్తానంటే సరేనన్నారు.

ఇన్‌డిజైన్ మంచిదే, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకుంటే వత్తులు కుదురుగా వస్తాయి. కానీ ఒక్క పుస్తకానికి చందా కట్టడం దండగ. స్క్రైబస్ ఉచితం. మండలి ఫాంట్ పెట్టాను, వత్తులు కింది లైనుకు తగలకుండా ఎడం పెంచాల్సి వచ్చింది. ఇక కవర్ ఒక్కటే టెన్షన్.