‘ఇంతింతై వటుడింతయై’: సైన్స్ ఫిక్షన్ ఎక్కడిదాకా, ఫాంటసీ ఎక్కడినుంచి?

నిన్నటి చర్చలో ఒకరు సూటిగానే అడిగారు: “మీరు సైన్స్ ఫిక్షన్ అంటే చెవి కోసుకుంటారు కదా, మరి వామనుడు పెరిగే పద్యాన్ని అంత ఇష్టంగా ఎందుకు పెడుతుంటారు? అది ఫాంటసీ కదండీ?” ఒక్క కామెంట్‌లో తేలే సంగతి కాదని విడిగా రాస్తున్నాను. ముందు పద్యం చూద్దాం. పోతన భాగవతం, అష్టమ స్కంధం. బలి మూడడుగులు ధారపోశాక:

ఇంతింతై, వటుఁ డింతయై, మఱియుఁ దా నింతై, నభోవీథిపై
నంతై, తోయదమండలాగ్రమున కల్లంతై, ప్రభారాశిపై
నంతై, చంద్రుని కంతయై, ధ్రువునిపై నంతై, మహర్వాటిపై
నంతై, సత్యపదోన్నతుం డగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై.

శార్దూలం. భావం అందరికీ తెలిసిందే కాబట్టి టీకాతాత్పర్యాల జోలికి పోను. ఇందులో ‘ఇంత’, ‘అంత’ అనే రెండు చిన్న మాటలు చేస్తున్న పని చూడండి చాలు.

మొదటి పాదంలో అన్నీ ‘ఇంత’లే. ‘ఇంత’ అనాలంటే చెయ్యి పెట్టి చూపించాలి, ఆ వస్తువు మన పక్కనే ఉండాలి. నభోవీథి దగ్గరికి వచ్చేసరికి అది ‘అంత’ అయిపోయింది. మబ్బుల కొసన ‘అల్లంత’. అంటే చెప్పేవాడు నేలమీదే నిలబడి, తల వెనక్కి వాల్చి చూస్తున్నాడు. పెరిగినవాడి కొలతను ఒక్క అంకె వాడకుండా, చూసేవాడికీ అతనికీ మధ్య పెరిగిపోతున్న దూరంతో చెప్పాడు పోతన. ఆకాశం, మబ్బులు, వెలుగు, చంద్రుడు, ధ్రువుడు: ఇవన్నీ తలెత్తితే ఎవరికైనా కనిపించేవే.

ధ్రువుడి తర్వాత వచ్చే మహర్లోకం మాత్రం ఎవరికీ కనిపించదు. అయినా మాట మారలేదు. ‘ధ్రువునిపై నంతై’ అన్న నోటితోనే ‘మహర్వాటిపై నంతై’ అనేశాడు. కనిపించేవాటికి ఒక్కొక్కదానికే తలూపుతూ వచ్చిన మనం కనిపించనిదానికీ అదే ఊపులో తలూపేస్తాం. నా దృష్టిలో సరిహద్దు సరిగ్గా అక్కడుంది, దాటినట్టు మాత్రం తెలియదు. ఇక సత్యలోకం దగ్గర కొలిచే మాటలే లేవు. ‘ఉన్నతుం డగుచు’, ‘సంవర్ధియై’ అని సంస్కృతం వచ్చేస్తుంది. ‘బ్రహ్మాండాంత’లో ఒక ‘అంత’ వినిపిస్తుంది గానీ అది మన తెలుగు ‘అంత’ కాదు, చివర అనే అర్థమున్న సంస్కృత ‘అంతం’. అప్పటిదాకా కొలుస్తూ వచ్చిన శబ్దమే ఇక కొలవడానికి ఏమీ మిగల్లేదని చెబుతుంది. ఎన్నిసార్లు చదివినా ఇక్కడ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

“అవన్నీ ప్రాస కోసం పడ్డవేనండి” అని ఒక మిత్రులన్నారు. ప్రాసస్థానంలో, అంటే ప్రతి పాదం రెండో అక్షరం దగ్గర, ‘ంత’ ఉండాలన్నది నిజమే. కానీ ప్రాస అడిగేది పాదానికి ఒక్కచోటే. ‘కల్లంతై’, ‘కంతయై’ పాదం మధ్యలో ఎవరూ అడక్కుండా వచ్చాయి. పైగా ‘ఇంతై’ అన్నా ‘అంతై’ అన్నా ప్రాసకు సరిపోతుంది. దగ్గరి మాట వదిలి దూరపు మాట పట్టుకోవడం కవి చేసిన పని.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది ఫాంటసీయే, సందేహం లేదు. దేవుడున్నాడు కాబట్టి ఫాంటసీ అనను. ఇందులో ఒక రకం ప్రశ్న పుట్టదు కాబట్టి అంటాను. అదేమిటో ఆ వెంటనే వచ్చే మత్తేభం చదివితే తెలుస్తుంది:

రవిబింబం బుపమింపఁ బాత్ర మగు ఛత్రంబై, శిరోరత్నమై,
శ్రవణాలంకృతియై, గళాభరణమై, సౌవర్ణకేయూరమై,
ఛవిమత్కంకణమై, కటిస్థలి నుదంచద్ఘంటయై, నూపుర
ప్రవరంబై, పదపీఠమై, వటుఁడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్.

సూర్యుడు కదలడు. మొదట గొడుగు, తర్వాత తలమీది మణి, చెవికి పోగు, మెడలో నగ, భుజానికి కేయూరం, చేతికి కంకణం, నడుముకు గంట, కాలికి అందె, చివరికి పాదాలు పెట్టుకునే పీట. పెరుగుతున్నదాన్ని చూపించడానికి పెరగనిదాన్ని పక్కన నిలబెట్టడం అసలు సిసలు శాస్త్రీయ పద్ధతి. సైన్స్ ఫిక్షన్ పాఠకుడికి ఇక్కడ ప్రాణం లేచొస్తుంది. అయితే వాడు అంతటితో ఊరుకోడు. ఎముకలు ఆగుతాయా అని అడుగుతాడు. ఆకారం అలాగే ఉంచి ఎత్తు పదింతలు చేస్తే బరువు మోసే ఎముక అడ్డుకోత వైశాల్యం వందింతలే అవుతుంది, మోయాల్సిన బరువు మాత్రం వెయ్యింతలవుతుంది. పెద్ద జంతువుకు ఎముకలు మరింత లావుగా ఉండక తప్పదని గెలీలియో 1638లోనే చర్చించాడు.

ఎముకల్ని వదిలేసి నరాల్ని చూడండి. మన నరాల్లో కబురు బాగా వేగంగా పోయినప్పుడు సెకనుకు సుమారు 100 మీటర్లు పోతుంది. సూర్యుడు తలమీది మణి అయిన క్షణాన ఆ మూర్తి ఎత్తు దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు. అంటే పాదంలో ముల్లు గుచ్చుకుంటే తలకు తెలిసేసరికి 47 ఏళ్ళు దాటుతుంది.

ఈ 47 ఏళ్ళను పట్టుకుని ఎవరైనా కథ రాస్తే అది సైన్స్ ఫిక్షన్. కాలికి తగిలిన దెబ్బ తలకు చేరేలోగా రెండు తరాలు పుట్టుకొచ్చే ప్రాణి ఎలా ఆలోచిస్తుంది? దానికి ‘నేను’ అనేది ఒకటే ఉంటుందా, తలకో నేను, కాలికో నేనూ ఉంటాయా? రాయాలనిపించే వాళ్ళుంటే దయచేసి రాయండి, నేను మొదటి పాఠకుణ్ణి. పోతన ఆ దారి పట్టడు, పట్టాల్సిన పనీ లేదు. ఆయన ముందున్న ప్రశ్న బలి గురించి. మూడడుగులే కదా అని ఇచ్చిన మాట బ్రహ్మాండమంత అయి ఎదురుగా నిలబడ్డప్పుడు, ఆ ఇచ్చినవాడు ఏం చేస్తాడు? రెండు కథల్లోనూ పెరిగే దేహం ఒకటే, దాని వెంటపడే ప్రశ్నలే వేరు.

ఫాంటసీలో ఏమైనా జరగొచ్చు, లెక్కాపత్రం ఉండదు అనేవాళ్ళతో మాత్రం నాకు పేచీ ఉంది. మంచి ఫాంటసీకి తనదైన లెక్క ఉంటుంది. భాగవతం నవమ స్కంధంలోని రైవతుడనే రాజు కథే తీసుకోండి. కూతురు రేవతికి తగిన వరుణ్ణి చెప్పమని అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గానం సాగుతుంటే కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో కింద 27 మహాయుగాలు గడిచిపోతాయి. మహాయుగానికి 43,20,000 ఏళ్ళు, కాబట్టి మొత్తం 11,66,40,000 ఏళ్ళు. అతను మనసులో అనుకున్న వరులూ లేరు, వాళ్ళ వంశాలూ లేవు. పురాణం లెక్కలోనే బ్రహ్మకు ఒక పగలంటే వెయ్యి మహాయుగాలు. ఆ పగటిని మన పన్నెండు గంటల పగలుగా తీసుకుని భాగించి చూడండి: 27 మహాయుగాలు పంతొమ్మిది నిమిషాల పైచిలుకు. ఒక కీర్తనను తీరిగ్గా పాడుకునే సమయం! కల్పించిన లోకం తన నియమానికి తాను ఇంత కట్టుబడి ఉండటం నాకు ఎంతో ఆనందంగా అనిపిస్తుంది.

ఇదే ఐన్‌స్టీన్ చెప్పింది అని ఇక్కడ తరచూ అంటుంటారు. కాదండీ, గట్టిగానే చెబుతున్నాను. 1905 నాటి సాపేక్ష సిద్ధాంతంలో కాలం నెమ్మదించడానికి కారణం వేగం. కాంతి వేగంలో 99.5 శాతం వేగంతో పోయే ఓడలో ఒక ఏడాది గడిస్తే బయట దాదాపు పదేళ్ళు గడుస్తాయి. ఆ వేగంతో ఎవరు వెళ్ళినా ఇంతే. రైవతుడి కథలో వేగం ప్రసక్తే లేదు. అది బ్రహ్మ ఉండే చోటు, అందుకే అక్కడి కాలం వేరు. రెంటినీ ఒకే గాటన కడితే పురాణం గొప్పదనం పెరగదు సరికదా, దాని సొంత తర్కాన్ని చూడటం మానేస్తాం.

‘ఎవరు వెళ్ళినా ఇంతే’ అన్న మాటే నా గీటురాయి. సైన్స్ ఫిక్షన్‌లో నియమం మనిషి మొహం చూడదు. కాలయంత్రం ఉంటే దొంగ మీట నొక్కినా కదులుతుంది, మహాత్ముడు నొక్కినా కదులుతుంది. ఫాంటసీలో నియమం మనిషిని చూస్తుంది: వరం, శాపం, అర్హత, ఇచ్చిన మాట. 1957 నాటి ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె ఉంది కదా. చూడ్డానికి అచ్చం ఇప్పటి ల్యాప్‌టాప్. కానీ ఎవరికేది ప్రియమో వాళ్ళకు అదే చూపిస్తుంది, అంటే మనసు చదువుతుంది. తెర ఉన్నంత మాత్రాన అది సైన్స్ ఫిక్షన్ కాలేదు.

కానీ ఈ గీటురాయి కూడా ఈమధ్య కొంచెం కదులుతోంది. మన చేతిలో ఫోనూ ఎవరికేది ఇష్టమో వాళ్ళకు అదే చూపిస్తోంది కదా! దాని వెనకున్నది అంకెలే, వరమూ శాపమూ లేవు, అయినా చూసేవాడికి తేడా తెలియదు. బాగా ముదిరిన సాంకేతికతకూ మాయకూ తేడా కనిపెట్టలేమని సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ అన్నది ఇలాంటివాటి గురించే. చూసేవాడి విషయంలో అది నిజం. రాసేవాడి విషయంలో ఒప్పుకోను. ఆ ఫోన్ ఒకరోజు తప్పు చూపిస్తే కథ ఏ దిక్కుకు వెళ్ళాలో రచయితకు తెలిసి తీరాలి: లెక్కలో పొరపాటు వెతుకుతాడా, చూసినవాడి మనసులో దాచుకున్నది వెతుకుతాడా? రెండూ ఒకేసారి వెతికే కథలు కొన్ని ఉంటాయి. రెండు ప్రక్రియలూ నిజంగా కలిసేది వాటిలోనే. మంత్రగాడి చేతికి లేజర్ తుపాకీ ఇచ్చినంత మాత్రాన కలయిక అయిపోదు.

నా పక్షం అడిగారు కాబట్టి చెబుతున్నాను: సైన్స్ ఫిక్షనే. ఎముకలు ఆగుతాయా అనే ప్రశ్న నన్ను వదలదు. ఆ ప్రశ్న వదలని మనిషిని కూడా, ధ్రువుడిదాకా మెట్టు మెట్టుగా నడిపించి ఆ పైకి ఎత్తేస్తుంది కాబట్టే ఈ పద్యం పదేపదే పెడుతుంటాను. వర్ణనతో సరిపెట్టక ఇలా కొలుస్తూ నడిచే అద్భుతరసపు పద్యాలు మీకు తెలిసినవి ఉంటే కింద పెట్టండి. ప్రబంధాల్లోవి అయితే మరీ సంతోషం. కవి పేరూ, ఆశ్వాసం సంఖ్యా కూడా రాయండి, పుస్తకం తీసి చూసుకోవడానికి వీలుగా ఉంటుంది.