రికార్డుల్లోంచి కొట్టేసిన గెలుపును మీరు లెక్కేసుకుంటారా?

ప్రశ్న: నేను అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒహాయో స్టేట్ జట్టు అభిమానిని. 2011 జనవరి షుగర్ బౌల్ (సీజన్ చివర్లో ఆడే పెద్ద ఆటల్లో ఒకటి) ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆర్కన్సా మీద 31-26తో ముందున్నాం. ఆఖర్లో మన పంట్‌ను (బంతిని దూరంగా తన్నే కిక్‌ను) వాళ్లు అడ్డేశారు, నా చేతులు చల్లబడ్డాయి. అంతలోనే మన సాలమన్ థామస్ వాళ్ల పాస్‌ను ఒడిసిపట్టాడు! తర్వాత, మన ఆటగాళ్లు కొందరు రూల్స్ తప్పారని ఆ సీజన్ గెలుపులన్నీ రికార్డుల్లోంచి తీసేశారు. నాకైతే వదులుకోవడానికి మనసొప్పట్లేదు. మీకు?

జవాబు: ఉంగరాలు, జెర్సీలు ఇచ్చి డబ్బు, టాటూలు తీసుకున్న కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవడం తప్పే కాదు కదా. నా బాధంతా అప్పటి మన కోచ్ ట్రెసెల్‌తోనే. 2010 ఏప్రిల్‌లోనే ఆయనకు ఈమెయిల్‌లో విషయం తెలిసింది, అయినా నెలల తరబడి దాచాడు. ఆయన మాటంటే మాకు వేదం.

జవాబు: నాకు 2012 ఇంకా మండుతోంది. మనవాళ్లు పన్నెండుకు పన్నెండూ గెలిచారు, ఈ గొడవకు పడ్డ నిషేధం వల్ల బౌల్ ఆడనివ్వలేదు. టాటూల గొడవలో సస్పెండైన ఆ ఐదుగురు ఆటగాళ్లూ అప్పటికే వెళ్లిపోయారు.

అడిగినవారు: ఆ పాస్ పట్టిన థామస్ కూడా ఆ ఐదుగురిలో ఒకడే. నన్ను కోసేది అదే. అయినా ఆ ఆట నా లెక్కలో గెలుపే.