కాలేజీ జిమ్నాస్టిక్స్‌లో హోండా అవార్డు, ఏఏఐ అవార్డు: తేడా ఏంటి?

ఫ్రిస్కో అమ్మ:
అందరికీ నమస్తే. మా పాప జిమ్నాస్టిక్స్‌లో లెవెల్ 9 (అమెరికాలో పది లెవెళ్ళలో తొమ్మిదోది) చేస్తోంది, ఈమధ్య ఒలింపిక్స్ మాట మానేసి కాలేజీ టీమ్ అంటోంది. గదిలో గోడకి ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) అమ్మాయి హేలీ బ్రయంట్ ఫోటో అంటించుకుంది. ఆ అమ్మాయికి 2024లో హోండా అవార్డూ ఏఏఐ అవార్డూ రెండూ వచ్చాయంట. రెండూ బెస్ట్ జిమ్నాస్ట్‌కే కదా, మరి తేడా ఏంటి, ఎవరు ఓట్లేస్తారు? ఇంకోటి, మా ఆయన ఇదంతా ఒలింపిక్స్ దాకా వెళ్ళలేని పిల్లల కోసం అంటారు. నిజమేనా?

బ్యాటన్ రూజ్ శీను:
అక్కా, హోండా అవార్డు జిమ్నాస్టిక్స్‌కి ఒక్కదానికే కాదు, ఎన్‌సీఏఏలో, అంటే అమెరికా కాలేజీ ఆటల సంఘంలో, అమ్మాయిల 12 ఆటలకి ఆటకొకరు చొప్పున ఇస్తారు, 1976 నుంచి ఉంది, మొదట్లో బ్రోడరిక్ పేరు మీద ఉండేది. ఆటకి నలుగురు ఫైనలిస్టులు, ఓట్లు కాలేజీలవి, స్కోర్లతో పాటు చదువు, లీడర్‌షిప్, సేవ కూడా చూస్తారు. గెలిచిన 12 మందిలో ఒకరికి హోండా కప్. ఏఏఐ మాత్రం జిమ్నాస్టిక్స్‌కే, అదీ సీనియర్లకే, అంటే కాలేజీ నాలుగో ఏడు వాళ్ళకే, ఓట్లేసేది కోచ్‌లు. నా లెక్కలో ఏఏఐనే గొప్ప, ఎందుకంటే నాలుగేళ్ళు ఎదుటి టీమ్ వైపు నిలబడి ఆ పిల్లని చూసినవాళ్ళు ఇచ్చేది కదా. 2024లో హేలీ ఆల్‌రౌండ్, అంటే నాలుగు అంశాలూ కలిపి ఇచ్చే టైటిల్, 39.7125తో గెలిచింది, ఎల్‌ఎస్‌యూకి మొదటి టీమ్ టైటిలూ అప్పుడే వచ్చింది, ఆ వారమంతా మా ఊళ్ళో ఇదే మాట.

ఏథెన్స్ జార్జియా:
శీను గారూ, హోండాని తక్కువ చేయకండి. అక్కా, మీ ఆయనకి కోర్ట్నీ కుపెట్స్ గురించి చెప్పండి. 2004 ఒలింపిక్స్‌లో టీమ్ సిల్వర్, బార్స్‌లో (ఎత్తు తేడా ఉన్న రెండు కడ్డీల మీద చేసే అంశం) బ్రాంజ్ గెలిచాకే మా జార్జియా యూనివర్సిటీకి వచ్చింది. 2008లో అకిలీస్ టెండన్ తెగిపోయింది, అంటే పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే గట్టి తాడులాంటిది, పరిగెత్తి ఎగరడానికి అదే ఆధారం. మరుసటి ఏడు తిరిగొచ్చి ఆల్‌రౌండ్ గెలిచింది, జార్జియాకి వరసగా ఐదో టైటిల్, ఆమెకి హోండా కప్పు. స్విమ్మింగ్, బాస్కెట్‌బాల్ వాళ్ళందరితో పోటీపడి ఒక జిమ్నాస్ట్ ఆ కప్పు తీసుకుందంటే మామూలు విషయం కాదండీ.

ఫ్రిస్కో అమ్మ:
థాంక్స్ అండీ, ఇది చెప్తాను. మరి ఒలింపిక్ చాంపియన్ సిమోన్ బైల్స్‌కి ఈ అవార్డులు ఎందుకు రాలేదు?

బ్యాటన్ రూజ్ శీను:
యూసీఎల్‌ఏకి (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) వెళ్తానని మాటిచ్చి 2015లో ప్రొఫెషనల్ అయిపోయింది అక్కా, అప్పట్లో స్పాన్సర్ డబ్బు తీసుకుంటే కాలేజీలో ఆడనిచ్చేవాళ్ళు కాదు. 2021లో ఆ రూలు మారాకే జోర్డన్ చైల్స్ లాంటి ఒలింపియన్లకి స్పాన్సర్ డబ్బూ, కాలేజీ ఆటా రెండూ కుదిరాయి. అసలు ఒలింపిక్స్, కాలేజీ ఆట రెండూ వేరే పరీక్షలు. ఒలింపిక్స్‌లో నాలుగేళ్ళకోసారి, విన్యాసం ఎంత కష్టంగా ఉంటే అంత ఎక్కువ స్కోరు. కాలేజీలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా దాదాపు ప్రతి వారాంతం మీట్ (పోటీ), ఇంకా పదికే మార్కులు, ఒక్కో యాపరేటస్ (బీమ్, బార్స్ లాంటి పరికరం) మీద ఆరుగురు దిగితే ఐదుగురి స్కోరు లెక్క. ముందు అమ్మాయి పడిపోయిందనుకోండి, తర్వాత వచ్చే పిల్ల ఆ భారమంతా మోస్తూ 10 సెంటీమీటర్ల వెడల్పున్న బీమ్ (సన్నటి దూలం) ఎక్కాలి, చేతులకి చాక్ రాసుకుంటూ టీమ్ వైపు ఒక్కసారి చూసి ఎక్కేస్తుంది, దిగేటప్పుడు పాదం కాస్త కదిలినా మార్కులు కోస్తారు. వారం వారం అలా నిలబడ్డ పిల్లకే ఈ అవార్డు.

ఎల్బీ స్టేడియం ఫ్యాన్:
హైదరాబాద్ నుంచి ఒక మాట. మన బుద్దా అరుణా రెడ్డి 2018 మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్‌లో (పరిగెత్తి దాటే అంశం) బ్రాంజ్ గెలిచింది, వరల్డ్ కప్ మెడల్ గెలిచిన మొదటి ఇండియన్ జిమ్నాస్ట్. అలాంటి పిల్లలకి ఇక్కడ డిగ్రీ చదువుతూ నిండు స్టేడియంలో వారం వారం ఆడే లీగ్ ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. అక్కడి పిల్లలకి అది దొరుకుతోంది, మీ పాపని ఆపకండి అక్కా.

ఏథెన్స్ జార్జియా:
ఇంకోటి అక్కా, లెవెల్ 9 అంటే చిన్న విషయం కాదు కానీ పెద్ద టీమ్‌ల కోచ్‌లు ఎక్కువగా లెవెల్ 10 పిల్లల్నే చూస్తారు. అందాకా అవార్డు సంగతి పక్కనపెట్టి మడమలు, మణికట్లు జాగ్రత్తగా చూసుకోమనండి, నొప్పంటే ఆ రోజు ఫ్లోర్ (నేల మీద చేసే విన్యాసాలు) ఆపేయమనండి. జనవరిలో దగ్గర్లో మీట్ పడితే మీ ఆయన్ని కూడా తీసుకెళ్ళండి, బీమ్ ఎదురుగా సీట్లు దొరికితే ఇంకా మంచిది.