మొదటి కొలైడర్ల కథ పిల్లలకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జమ్మికుంట టీచర్:
ఫిబ్రవరి 28న సైన్స్ డేకి మా బడిలో పదో తరగతి పిల్లలకు కొలైడర్ల గురించి, అంటే కణాలను ఎదురెదురుగా గుద్దించే యంత్రాల గురించి చెప్పాలి. ఎక్కడ చూసినా జెనీవా దగ్గరి 27 కిలోమీటర్ల సొరంగంలోని పెద్ద కొలైడర్ (ఎల్‌హెచ్‌సీ) గురించే ఉంది. దానికి ముందు సంగతేంటి? కణాలను ఎదురెదురుగా గుద్దించాలన్న ఆలోచన అసలు ఎవరిది?

హన్మకొండ రిటైర్డ్ లెక్చరర్:
మేడం, సొరంగం తర్వాత. ముందు బ్రూనో టూషెక్ పేరు చెప్పండి. ఆలోచన నార్వే ఇంజనీరు రోల్ఫ్ విడెరోది, 1943లోనే పేటెంట్‌కు పెట్టాడు. హాంబర్గ్‌లో విడెరో బీటాట్రాన్ (ఎలక్ట్రాన్ల వేగం పెంచే యంత్రం) పనిలో ఉన్న కుర్రాడే టూషెక్. పుట్టింది వియన్నాలో, తల్లి యూదు. 1945లో నాజీల రహస్య పోలీసు గెస్టపో పట్టుకుపోయింది. ఖైదీలను జర్మనీలోని కీల్ నగరం వైపు నడిపిస్తుంటే దారిలో పడిపోయాడు. కాపలావాళ్లు కాల్చి, చచ్చాడనుకుని వదిలేశారు.

ఆ మనిషే 1960 మార్చి 7న రోమ్ దగ్గర ఫ్రాస్కాటిలో సెమినార్ ఇచ్చాడు. ఎలక్ట్రాన్, దాని ప్రతికణం పాజిట్రాన్‌ల ద్రవ్యరాశి ఒకటే, ఆవేశాలు వ్యతిరేకం. కాబట్టి ఒకే అయస్కాంతం, ఒకే గొట్టం చాలు, రెండూ అదే దారిలో ఎదురెదురుగా తిరుగుతాయి! ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఈ మాట దగ్గర నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఏడాది తిరగకముందే, 1961 ఫిబ్రవరిలో, ఆ ఆలోచనతో కట్టిన 'అడా' అనే రింగులో ఎలక్ట్రాన్లు తిరుగుతూ నిలవగలిగాయి. దాని వ్యాసం 1.3 మీటర్లే. క్లాసులో నేల మీద చాక్‌పీసుతో అంత వృత్తం గీసి చూపించండి. లోపలి ఎలక్ట్రాన్లు వెదజల్లే కాంతిని కొలుస్తుంటే, ఒక్కో ఎలక్ట్రాన్ పోయినప్పుడల్లా గ్రాఫ్ ఒక మెట్టు దిగేదట. 1962లో దాన్ని లారీ ఎక్కించి, లోపలి శూన్యం పోకుండా బ్యాటరీలతో పంపు నడిపిస్తూ ఫ్రాన్స్‌లోని ఓర్సేకు తీసుకెళ్లారు. గుద్దుకున్నట్టు ఆధారం దొరికింది అక్కడే.

కేయూ ఎంఎస్సీ:
సార్, అదే కాలంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జెరార్డ్ ఓనీల్ బృందం, సోవియట్ యూనియన్‌లోని నొవోసిబిర్స్క్‌లో బుద్కర్ బృందం కూడా కొలైడర్లు కట్టాయి కదా. వాళ్లవి ఎలక్ట్రాన్‌తో ఎలక్ట్రాన్, అందుకే రెండేసి రింగులు.

హన్మకొండ రిటైర్డ్ లెక్చరర్:
నిజమే, వాళ్ల పేర్లూ చెప్పాలి. ఒకే రింగు దారి మాత్రం టూషెక్‌దే.

జమ్మికుంట టీచర్:
చాలా థాంక్స్ సార్. ఆగి ఉన్న లక్ష్యాన్ని కొడితే ఎందుకు చాలదని పిల్లలు అడిగితే?

హన్మకొండ రిటైర్డ్ లెక్చరర్:
ద్రవ్యవేగ నిత్యత్వం గుర్తు చేయండి. ఆగి ఉన్నదాన్ని కొడితే శక్తిలో ఎక్కువ భాగం ముక్కలను ముందుకు తోయడానికే పోతుంది. 1971లో జెనీవా దగ్గరి పరిశోధన సంస్థ సెర్న్‌లో మొదలైన ప్రోటాన్ కొలైడర్ ఐఎస్ఆర్‌లో ఒక్కో ప్రోటాన్‌కు సుమారు 31 జీఈవీ (కణాల శక్తిని కొలిచే ప్రమాణం). ఆ ఫలితం ఆగి ఉన్న ప్రోటాన్ మీద రావాలంటే దాదాపు 2000 జీఈవీ కావాలి. ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాయండి.